గట్టిమేళం వేళ పెదవుల కదలిక

కుసుమ పెళ్ళి వీడియో, పెళ్ళికి సరిగ్గా నలభై రెండు రోజుల ముందు, అందరికీ వచ్చినట్టే రిజిస్టర్డ్ పోస్టులో ఇంటికి వచ్చింది. తండ్రి సత్తిబాబు సంతకం పెట్టి తీసుకున్నాడు. పోస్ట్‌మాన్ శుభాకాంక్షలు చెప్పి, "మా అమ్మాయిది ఇంకా రాలేదండి బాబూ, వయసైపోతోంది" అని దిగులుపడుతూ సైకిలెక్కాడు. ఎర్ర అట్టపెట్టెలో ఒక పెన్‌డ్రైవు, ఒక నియమావళి పుస్తకం, రెండు పసుపుకొమ్ములు ఉన్నాయి.

వీడియో నిడివి నాలుగు గంటల పదహారు నిమిషాలు. వివాహ దృశ్యాల శాఖ పంపేవన్నీ ఇంచుమించు అంతే ఉంటాయి. జరగబోయే పెళ్ళిని శాఖ ముందుగా తీయించి పంపుతుంది. దాని ప్రకారం పెళ్ళి చేసుకోవడం కుటుంబం పని. ఎవరు తీస్తారు, ఎక్కడ నిలబడి తీస్తారు అని మల్లంపూడిలో ఎవరూ అడగరు. పూర్వం ముందు పెళ్ళి చేసుకుని తర్వాత వీడియో చూసుకునేవారట. అప్పుడు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు తమ మొహం సరిగా పడలేదని అలిగేవారట. ఇప్పుడా బెడద లేదు. మొహం ముందే పడి ఉంటుంది. ఆ మొహం పెట్టుకుని రావడమే మిగిలి ఉంటుంది.

వీడియోకీ పెళ్ళికీ ఐదు శాతం దాకా తేడా ఉండవచ్చు. అంతకు మించితే ఆ పెళ్ళి 'దృశ్యేతరం' అవుతుంది. వెనక వీధి ఆంజనేయులు పెళ్ళిలో అదే జరిగింది. వీడియోలో కురిసిన వాన పెళ్ళినాడు కురవలేదు. వాన కురిపించడానికి పిలిచిన ఫైరింజను వేళకి అందలేదు. ఐదు పాయింట్ మూడు శాతం తేడా వచ్చింది. ఆ దంపతులు పదకొండేళ్ళుగా కాపురం చేస్తున్నారు, ఇద్దరు పిల్లలు. రేషన్ కార్డులో మాత్రం ఒకరికొకరు 'పరిచయస్తులు'.

అందుకని కుసుమ మొదటి రోజే ఇందుమతిని సాయానికి పిలిచింది. ఇద్దరూ ఆరో తరగతి నుంచీ ఒక బెంచీవాళ్ళు. కుసుమ ఊళ్ళో డయాగ్నొస్టిక్ సెంటర్లో రక్తాలు తీసే టెక్నీషియన్. ఇందుమతి బధిరుల పాఠశాలలో టీచరు. పెళ్ళిపనుల్లో సాయమంటే ఒకరు రిమోట్ పట్టుకుని కూర్చోవడం, ఇంకొకరు నోట్సు రాసుకోవడం. ఇందుమతి అక్షరం గుండ్రంగా ఉంటుంది కాబట్టి నోట్సు ఆమెకి అప్పగించారు. నాలుగు రోజుల్లో రెండు రెండొందల పేజీల పుస్తకాలు నిండాయి. పందిట్లో ఆరువందల పద్నాలుగు మంది. విస్తట్లో పూర్ణంబూరెలు, పనసపొట్టు కూర, ముక్కలపులుసు. పెళ్ళికొడుకు ఎడమచేతి బొటనవేలికి ప్లాస్టరు. సత్తిబాబుకి మీసం.

సత్తిబాబు పాతికేళ్ళుగా నున్నగా గీసుకునే మనిషి. వీడియోలో తన మీసం చూసుకుని పైపెదవి తడుముకున్నాడు. తర్వాత పెరట్లోకి వెళ్ళి రేజరు అటకమీద పెట్టించాడు.

"నువ్వు సన్నబడ్డావేంటే ఇందులో?" అంది కుసుమ, తెరమీద ఆకుపచ్చ పట్టుచీరలో తన వెనక నిలబడ్డ ఇందుమతిని చూపించి.

"నలభై రోజులుందిగా. రాత్రిపూట అన్నం మానేస్తాలే," అంది ఇందుమతి, ఆ సంగతి కూడా పుస్తకంలో రాసుకుంటూ.

భోజనాల దగ్గర ఎవరికీ తెలియని ఒకాయన మూడు బంతుల్లోనూ కూర్చుని తింటూ కనిపించాడు. ఆయన్ని పట్టుకోవడానికి మూడు రోజులు పట్టింది. పక్క ఊరి రిటైర్డు పోస్ట్‌మాస్టరు. ఆయనకి షుగరు. సంగతి చెబితే ఆయన ఏ మాత్రం బెట్టు చెయ్యలేదు. ఇంట్లో ఆడవాళ్ళకి చూపించడానికని నియమావళి కాపీ ఒకటి అడిగి తీసుకున్నాడు.

కుసుమ మేనత్త వరహాలమ్మకి ఆ వారంలోనే గుండెల్లో నొప్పి వచ్చింది. డాక్టరు ఆవిడ రిపోర్టులకంటే ముందు వీడియో అడిగాడు. ముందు వరసలో కూర్చుని పరమాన్నంలో జీడిపప్పు ఏరుకుంటున్న ఆవిడని చూసి, "ఇరవై ఆరో తారీఖు దాకా ఢోకా లేదండి" అని మందులు సగం కొట్టేశాడు.

"ఆ తర్వాతో?" అంది వరహాలమ్మ.

"ఆ తర్వాత వీడియో లేదు కదండీ," అన్నాడు డాక్టరు.

పనులన్నీ ఇలా సవ్యంగా సాగుతున్న ఐదో రోజు మధ్యాహ్నం, రెండు గంటల నలభై ఏడో నిమిషం దగ్గర కుసుమ రిమోట్ నొక్కి వీడియో ఆపింది. మాంగల్యధారణ ఘట్టమది. గట్టిమేళం మోగిపోతోంది. పెళ్ళికొడుకు ఫణికుమార్ రెండు ముళ్ళు వేశాడు. మూడోది వెయ్యబోతున్నాడు. ఆ క్షణంలో తెరమీద కుసుమ తల కొంచెం ఎత్తింది. ఆమె పెదవులు కదిలాయి. ఫణికుమార్ మూడో ముడి వేశాడు. అంతే, అక్షింతల వాన.

"నేనేదో అంటున్నానే," అంది కుసుమ.

వెనక్కి తిప్పి చూశారు. వాల్యూమ్ పెంచితే డోలు పెరిగింది, తగ్గిస్తే డోలు తగ్గింది. మాట మాత్రం వినిపించలేదు. కుసుమ తల్లి మంగతాయారు వంటింట్లోంచి వచ్చి చెయ్యి తుడుచుకుంటూ చూసింది.

"దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నావే పిచ్చిమొహమా. నా పెళ్ళప్పుడు నేనూ ఏదో అనుకున్నాను."

"ఏమనుకున్నావమ్మా?"

"ఆ మేళంలో నాకే వినపడలేదు," అని ఆవిడ పోపు మాడుతోందని లోపలికి పోయింది.

కుసుమ ఇందుమతి వైపు తిరిగింది. "నువ్వు రోజంతా పిల్లల పెదాలు చూసే మాటలు పట్టుకుంటావు కదా. నేనేమన్నానో చెప్పు."

ఇందుమతి ఆ ముక్క నలభైసార్లు చూసింది. ముందు మామూలుగా, తర్వాత మెల్లగా, తర్వాత కుర్చీ జరుపుకుని తెరకి జానెడు దూరంలో.

"ప, బ, మ మూడూ పెదాల మీద ఒకటేనే," అంది చివరికి. "పాట అన్నా, బాట అన్నా, మాట అన్నా చూడ్డానికి తేడా ఉండదు. అందుకని ఇది 'ఆపండి' అయినా అయ్యుండాలి, 'అమ్మండి' అయినా అయ్యుండాలి."

"మెడలో తాళి కడుతుంటే అమ్మండి అంటానా? ఏం అమ్మమని?"

"నేనూ అదే అనుకుంటున్నాను."

కుసుమ భయపడలేదు. ఆమె వృత్తిరీత్యా రిపోర్టు చూసి కంగారుపడే మనిషి కాదు. ముందు కారణం కనుక్కోవాలంటుంది.

"ఇప్పుడైతే నాకలా ఏం అనిపించట్లేదే," అంది. "మంచివాడే అనుకుంటున్నాను. రెండుసార్లు చూశాను. రెండోసారి నా ఉద్యోగం గురించి కూడా అడిగాడు."

"ఏమడిగాడు?"

"రక్తం చూస్తే భయమెయ్యదా అని. లేదన్నాను. అయితే పరవాలేదన్నాడు." కాస్త ఆగి అంది, "అంటే ఈ ముప్ఫై ఏడు రోజుల్లో ఏదో జరుగుతుంది. అదేంటో తెలిస్తే బాగుండు. ఇంకో సంగతి చూశావా? నా జడ ఎత్తి పట్టుకున్నది నువ్వే. మొదటి అక్షింతలు వేసిందీ నువ్వే."

ఇందుమతి చూసింది. నిజమే. తాళి ముడికి అడ్డురాకుండా తెరమీది ఇందుమతి ఎడమచేత్తో కుసుమ జడ ఎత్తి పట్టుకుంది. కుసుమ పెదవులు కదిలిన కాసేపటికి కుడిచేత్తో అక్షింతలు విసిరింది. ఆమె తర్వాతే మిగతా ఆరువందల మందీ విసిరారు.

"నాకు వినపడి ఉండదే," అంది ఇందుమతి.

"రెండడుగుల్లో ఉన్నావు."

"మేళం కదా."

"చెవులతో వినక్కర్లేదుగా నీకు," అంది కుసుమ. అందులో నిష్ఠూరమేం లేదు. ఉన్నమాట చెప్పింది.

మర్నాడు ఇద్దరూ వివాహ దృశ్యాల శాఖ కార్యాలయానికి వెళ్ళారు. సవరణల విభాగం మొదటి అంతస్తులో ఉంది. అక్కడి అధికారి త్రినాథరావు పెద్దమనిషి. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చి మాట్లాడతాడు. దరఖాస్తు చదివి కళ్ళజోడు తీశాడు.

"చీర రంగు మార్చుకోవచ్చమ్మా. వంటకం మార్చుకోవచ్చు, ఒకటి. మనిషి పోతే మనిషిని పెట్టుకోవచ్చు, అదే ఎత్తులో ఉండాలి. వధువు పెదవులకి సవరణ లేదు."

"అవి నా పెదవులేనండి," అంది కుసుమ.

"ఆయ్, మీవే. ఎవరు కాదన్నారు?" అని త్రినాథరావు బల్లసొరుగులోంచి ఒక రిజిస్టరు తీశాడు. "మీరు కంగారుపడకండి. దీనికో కాలమ్ ఉంది. గట్టిమేళం వేళ పెదవుల కదలిక. మీదీ ఎక్కించేశాం, చూడండి."

కుసుమ పేరుకి ఎదురుగా గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: 'అమ్మండి. భావోద్వేగముతో తల్లిని తలచినది. సహజము.'

"మేం అమ్మాయి అన్నది ఆపండి అనుకుంటున్నామండి," అంది ఇందుమతి. "నేను బధిరుల స్కూల్లో టీచర్ని."

"అలా కూడా చదవొచ్చు," అన్నాడు త్రినాథరావు ఏ మాత్రం నొచ్చుకోకుండా. "పెదవులు ఒకటే కదమ్మా. రెండింట్లో ఏది సహజమో అది రాస్తాం."

తమ శాఖలో దాపరికమేమీ లేదని నిరూపించడానికి, ఆయన పాత వీడియోలు కొన్ని చూడమని ఇందుమతికి కంప్యూటరు ఇచ్చాడు. సాయంత్రం ఐదింటి వరకూ ఆమె గట్టిమేళం వేళ పెదవులు కదిలిన ముప్ఫైమంది పెళ్ళికూతుళ్ళని చూసింది. నలుగురు ఫాను వెయ్యమన్నారు. ఇద్దరు దండలో చీమలున్నాయన్నారు. ఒకామె బీరువాకి తాళం వేశావా అని ఎవర్నో అడిగింది. ఒకామె పదమూడో ఎక్కం చదువుకుంటోంది, పదమూడేళ్ళ తొంభై ఒకటి దగ్గర ముడి పడింది. ముగ్గురివి దండ అడ్డొచ్చి తెలియలేదు. మిగతా పందొమ్మిది మంది పెదవులూ కుసుమ పెదవుల్లాగే కదిలాయి.

"పందొమ్మిది మందీ తల్లినే తలుచుకున్నారా అండి?" అంది ఇందుమతి.

"అన్నీ మంచి కాపురాలేనమ్మా," అన్నాడు త్రినాథరావు. "ఒక్కటీ చెడలేదు. మా ఆవిడది కూడా అందులోనే ఉండాలి, ఆ కింద అరలో."

"చూసి చెప్పమంటారా, ఏమన్నారో?"

ఆయన అర వైపు చూశాడు. తాళంచెవి జేబులోంచి తీసి, కాసేపు చేతిలో ఉంచుకుని, మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"వద్దులెండమ్మా. ఇరవై రెండేళ్ళయింది," అన్నాడు.

కారణం పెళ్ళికొడుకు దగ్గరే దొరకవచ్చునని కుసుమకి తోచింది. ఫణికుమార్ విద్యుత్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరు. ఒక ఆదివారం సబ్‌స్టేషను పక్కనున్న మిఠాయి కొట్టులో ముగ్గురూ కలుసుకున్నారు. అతను వాళ్ళకంటే ముందే వచ్చి, బెంచీలు తుడిపించి కూర్చున్నాడు. మూడు బాదంపాలు చెప్పాడు. బొటనవేలి విషయంలో బెంగగా ఉన్నాడు.

"ఇరవై నాలుగో తారీఖున కొంచెం కోసుకుంటే ప్లాస్టరు కొత్తగా కనపడుతుందనుకుంటున్నానండి. మీరు రోజూ చూసేవారు కదా, ఎంత లోతైతే బాగుంటుంది?"

"అర సెంటీమీటరు చాలండి. టీటీ ఇంజెక్షను చేయించుకోండి," అంది కుసుమ. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చింది. "ఫణికుమార్ గారూ, ఒక మాట అడుగుతాను. తాళి కట్టేటప్పుడు నేను ఆపండి అన్నాననుకోండి. మీకు వినపడిందనుకోండి. ఆపుతారా?"

ఫణికుమార్ నిజాయితీపరుడు. వెంటనే జవాబు చెప్పకుండా నిజంగానే ఆలోచించాడు. బాదంపాల మీద మీగడ కట్టేదాకా ఆలోచించాడు.

"వీడియోలో ఆపలేదు కదండీ," అన్నాడు.

"వీడియో సంగతి కాదండి. మీరు."

"నేను కూడా వీడియోలోనే ఉన్నాను కదండీ," అని, మీగడ తీసుకోమని ఆమెకి చెంచా ఇచ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు రైలుగేటు పడింది. స్కూటీ ఆపి, వెనక కూర్చున్న కుసుమ ఏం మాట్లాడుతుందోనని ఇందుమతి అద్దంలో చూసింది. గూడ్సు బండి పెట్టెలన్నీ వెళ్ళిపోయాక కుసుమ నోరు విప్పింది.

"తెలిసిందే. ఎందుకంటానో."

"అయితే పెళ్ళి వద్దని ఇంట్లో చెప్పు."

"నిన్ననే చెప్పాను. అనుమానంగా ఉంది నాన్నా, వద్దు అన్నాను. వద్దనుకున్నదానివి వీడియోలో పీటల మీద ఎందుకు కూర్చున్నావమ్మా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? నాకూ అర్థం కాలేదు. మళ్ళీ వేసి చూశాను. కూర్చునే ఉన్నాను." కుసుమ చున్నీతో మొహం తుడుచుకుంది. "ఆయన మీసం ఎంత కష్టపడి పెంచుతున్నాడో చూశావుగా. ఆముదం రాస్తున్నాడు."

గేటు లేచింది.

ఇందుమతి చేయగలిగింది ఇంకొకటి కనపడింది. ఎవరికీ చెప్పకుండా మేళం సూరయ్య ఇంటికి వెళ్ళింది. సూరయ్య మల్లంపూడి చుట్టుపక్కల ముప్ఫై ఏళ్ళుగా డోలు వాయిస్తున్నాడు. అరుగు మీద కూర్చుని డోలు తాళ్ళు బిగించుకుంటున్నాడు.

"బాబాయ్, కుసుమ పెళ్ళిలో గట్టిమేళం మధ్యలో ఒక్క గుక్క ఆపగలవా? రెండో ముడికీ మూడో ముడికీ మధ్య. ఊపిరి పీల్చుకున్నంతసేపు."

సూరయ్య తాడు పంటితో లాగి ముడేశాడు. "గట్టిమేళం ఎందుకో తెల్సా అమ్మా? ఆ టయానికి ఎవడన్నా తుమ్మితే పెళ్ళికూతురు చెవిన పడకూడదని. మంచిదే. తుమ్ముతోపాటు ఇంకేవన్నా కొట్టుకుపోతే మాకేటి తెలుస్తాది? మా చెవులు మా డోలు కాడే ఉంటాయి కదా." కాసేపటికి మళ్ళీ అన్నాడు, "మా చిన్నదాని పెళ్ళిలో నేనే వాయించాను. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఊరంతా అదరగొట్టీశాను."

"ఆపుతావా బాబాయ్?"

"చూద్దారి," అన్నాడు సూరయ్య, ఆమె వైపు చూడకుండా.

ఇరవై ఆరో తారీఖు ఉదయం పది ముప్ఫై ఎనిమిదికి ముహూర్తం. కళ్యాణమండపంలో రెండు పెద్ద తెరలు పెట్టారు. ఎడమ తెర మీద శాఖవారి వీడియో, కుడి తెర మీద జరుగుతున్న పెళ్ళి. ఎడమవైపు ఎవరైనా నవ్వితే కుడివైపు నవ్వేవారు. త్రినాథరావు స్టాప్‌వాచీతో ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన పక్కనే వరహాలమ్మ జీడిపప్పు ఏరుకుంటోంది. సత్తిబాబు మీసం వీడియోలో కంటే కాస్త ఎడమకి ఒరిగినా, అధికారి ఆ తేడాని దశాంశాల్లోనే వేశాడు. పోస్ట్‌మాస్టరు ఒక బంతి ముగించి రెండో బంతికి చేతులు కడుక్కుంటున్నాడు. ఫణికుమార్ బొటనవేలికి నిజంగానే ప్లాస్టరు ఉంది. ఆకుపచ్చ చీరలో ఇందుమతి తలకి మించిన బరువు మోస్తున్నదానిలా కుసుమ వెనక నిలబడి ఉంది. ఎడమచేతిలో జడ, కుడి గుప్పిట్లో అక్షింతలు.

పురోహితుడు చెయ్యెత్తాడు. గట్టిమేళం అందుకుంది. మొదటి ముడి. రెండో ముడి. కుసుమ తల ఎత్తింది.

సూరయ్య పుల్ల గాలిలో ఆగిపోయింది. నాదస్వరం వాళ్ళు ఆయన్ని చూసి ఊపిరి బిగబట్టారు.

"ఆపండి," అంది కుసుమ.

అరవలేదు. లాబ్‌లో చెయ్యి మడవండి అని రోగికి చెప్పే గొంతుతోనే అంది. మేళం లేదు కాబట్టి ఆ మాట ఆరువందల పద్నాలుగు మందికీ వినపడింది. పెళ్ళికూతురు ఒక మాట అడిగితే కాదనే జనం కాదు మల్లంపూడివాళ్ళు. అందరూ ఆపేశారు. జనరేటరు దగ్గరివాడు జనరేటరు ఆపాడు. వడ్డనవాళ్ళు ముక్కలపులుసు గరిట ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే ఆపారు. పోస్ట్‌మాస్టరు నీళ్ళ కొళాయి కట్టేశాడు. పురోహితుడు మంత్రం మధ్యలో ఆపాడు. మంగతాయారు కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం ఆపింది. వరహాలమ్మ నమలడం ఆపింది. సత్తిబాబు బయట వీధి మొగలో లారీని కూడా ఆపమని చెయ్యి ఊపితే, ఆ డ్రైవరు పెళ్ళివారి మాట మన్నించి ఇంజను కట్టేశాడు. చిన్నపిల్లలు ఏడుపు ఆపారు. అంత నిశ్శబ్దం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. గుమ్మానికి కట్టిన మామిడాకులు ఒకదానికొకటి తగలడం వినిపించింది.

ఆగనివి రెండే. ఒకటి బ్యాటరీ మీద నడిచే ఎడమ తెర. ఫణికుమార్ తల తిప్పి దాన్ని చూశాడు. అందులో మూడో ముడి అప్పటికే పడిపోయింది.

"క్షమించండి," అన్నాడు మెల్లగా, మనస్ఫూర్తిగా. ఆగని రెండోది అతని చెయ్యి. మూడో ముడి వేశాడు. కొత్త దారం గట్టిగా బిగుసుకున్న చప్పుడు కూడా అందరికీ వినపడింది.

తర్వాత ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. ఆరువందల మందీ అక్షింతలు గుప్పిళ్ళలో పట్టుకుని ఇందుమతిని చూస్తున్నారు. వీడియోలో మొదటి అక్షింతలు ఆమెవి. ఆమె వెయ్యకుండా ఎవరూ వెయ్యరు. త్రినాథరావు స్టాప్‌వాచీ చూసుకుంటూ ఎడమచేతి వేళ్ళతో లెక్క చూపించాడు. నాలుగు పాయింట్ ఐదు. నాలుగు పాయింట్ ఆరు. ఐదు దాటితే కుసుమ అటు పెళ్ళయినదీ కాదు, ఇటు కానిదీ కాదు. పసుపుతాడు మెడలోనే ఉంటుంది, మనిషి పేరే ఎక్కడా ఉండదు. సత్తిబాబు రెండు చేతులూ జోడించాడు. ఆయన మీసం వణుకుతోంది.

కుసుమ వెనక్కి తిరగబోయింది. జడ ఇందుమతి చేతిలో ఉండడంతో మెడ సగమే తిరిగింది. ఆ సగం మొహంలో ఒక కన్ను ఇందుమతిని చూసింది. పెదవులు కదలలేదు. కదిలితే ఇందుమతికి ఏదో ఒకటి అర్థమయ్యేది.

నాలుగు పాయింట్ ఎనిమిది.

ఇందుమతి అక్షింతలు వేసింది.

వెంటనే ఆరువందల గుప్పిళ్ళు తెరుచుకున్నాయి. సూరయ్య పుల్ల డోలు మీద పడింది. జనరేటరు దడదడలాడింది, గరిటెలు దిగాయి, పిల్లలు ఏడుపు అందుకున్నారు, లారీ కదిలింది. పెళ్ళికూతురికి మేళం చప్పుడుకి తలనొప్పి వచ్చిందని మంగతాయారు వియ్యపురాలికి చెప్పింది. పులుసులో ఉప్పెక్కువై కుసుమ ఆపమంది కాబోలని వడ్డనవాళ్ళు అనుకున్నారు. త్రినాథరావు అక్కడికక్కడే ధ్రువపత్రం రాసి ముద్ర వేశాడు. పెదవుల కదలిక కాలమ్‌లో పాత మాటే ఉంచాడు. ఇప్పుడు శబ్దం కూడా ఉంది కదండీ అని ఇందుమతి అడిగితే, "శబ్దానికి కాలమ్ లేదమ్మా" అన్నాడు.

ఎందుకు వేశావని ఎవరైనా అడిగితే చెయ్యి నొప్పెట్టిందని చెప్పాలని ఇందుమతి అనుకుంది. ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం ఆమె ఆకుపచ్చ చీర మడత పెట్టి, నలభై రోజుల తర్వాత మొదటిసారి రాత్రి అన్నం తినబోయింది. నాలుగు ముద్దల తర్వాత సహించలేదు.

రెండు నెలలు గడిచాక, ఎండలు బాగా ముదిరిన ఒక ఆదివారం, ఇందుమతి సబ్‌స్టేషను క్వార్టర్స్‌లో కుసుమ కాపురం చూడ్డానికి వెళ్ళింది. ఇల్లు శుభ్రంగా ఉంది. కుసుమ ఉద్యోగం మానలేదు. ఒళ్ళు చేసింది. ఫణికుమార్ ఎదురొచ్చి స్కూటీ తనే నీడలో పెట్టాడు. లోపల టీవీ మోగుతోంది. పెరట్లో నీళ్ళ మోటారు, వంటింట్లో మిక్సీ ఆడుతున్నాయి.

ఆ రొదలో ఇందుమతి మాట కుసుమకి వినపడలేదు. "ఆపండి," అంది కుసుమ, గొంతు పెంచకుండానే.

ఫణికుమార్ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. మిక్సీ ఆపాడు. టీవీ ఆపాడు. మళ్ళీ పెరట్లోకి వెళ్ళి మోటారు కట్టేశాడు. ఎందుకైనా మంచిదని తిరిగొచ్చి తలమీద తిరుగుతున్న ఫాను కూడా ఆపాడు.

"ఎప్పుడూ ఇంతేనే," అంది కుసుమ. "పెళ్ళయిన రోజు నుంచీ. ఆపమంటే చాలు, ఏదైనా సరే క్షణాల మీద ఆపేస్తారు. బండి ఆపమంటే హైవే మధ్యలో ఆపేశారు మొన్న. మా లాబ్‌లో అందరూ నన్ను చూసి కుళ్ళుకుంటున్నారు. మొగుడంటే అలా ఉండాలి, మాట వినాలి అని."

ఫణికుమార్ సిగ్గుపడ్డాడు. ఫాను స్విచ్ మీద వేలు అలాగే ఉంచి, "ఇంకేవన్నా ఆపాలా అండీ?" అని అడిగాడు.

కుసుమ ఇల్లంతా ఒకసారి చూసింది. నిజంగానే వెతికింది.

"లేదండి. ఇంకేం లేవు," అంది.

ముగ్గురూ భోజనాలకి కూర్చున్నారు. ఫాను మళ్ళీ వెయ్యమని ఎవరికీ తోచలేదు. చెమటలు కారుతుంటే కంచాల్లోకి పడకుండా తుడుచుకుంటూ తిన్నారు. వంకాయ కూర బాగా కుదిరిందని ఇందుమతి అంది. అదృష్టవంతురాలివే అని కూడా అంది. కుసుమ ఆమె పెదవుల వంక చూస్తూ విని, ఇంకొంచెం వేసుకోమని గిన్నె ముందుకి జరిపింది.